పెట్ట పనితనం

దీపాలు పెట్టే వేళకి గూటికి చేరి, కర్ర మీద ఈకలు పొంగించుకుని కళ్లు మూసుకున్న కోడిపెట్టని చూసి, దానికి ఆ రోజు పని తీరిపోయిందనుకుంటాం. అసలు పని అప్పుడే జోరందుకుంటుంది. మెత్తటి పొర చుట్టుకున్న గుడ్డొకటి మధ్యాహ్నమే దాని కడుపులో పెంకు కట్టే అరలోకి దిగి ఉంటుంది. తెల్లారేలోగా దానికి గట్టి పెంకు కట్టాలి. 50 గ్రాముల గుడ్డుకి పెంకు సుమారు 5 గ్రాములుంటుంది, అందులో దాదాపు 2 గ్రాములు కాల్షియం. సాయంత్రం తిన్న మేతలోంచి కొంత వస్తుంది. రాత్రి గడిచేకొద్దీ కడుపులో మేత అరిగిపోతుంది కదా, అప్పుడు కాలి ఎముకల లోపల పేరుకుని ఉన్న ఒక ప్రత్యేకమైన ఎముక కరిగి మిగతాది అందిస్తుంది. గుడ్డు పెట్టే వయసు దగ్గరపడ్డాకే పెట్ట ఒంట్లో ఆ ఎముక ఏర్పడుతుంది. పుంజుకి అది ఉండదు. అంటే నిద్రలో ఉన్న పెట్ట తన ఎముకల్లోంచి తీసి గుడ్డుకి పెడుతోందన్నమాట.

కుండ చేసేవాళ్ల చేతినీ, చీర నేసేవాళ్ల చేతినీ మెచ్చుకోవడానికి మనకి బోలెడు మాటలున్నాయి. పెరటి కోడి దగ్గరికొచ్చేసరికి మాత్రం గుడ్డు రుచి, కూర రుచి చెప్పుకుని ఊరుకుంటాం. పెట్టల్ని పెంచుకుంటూ, వాటి వెనకాలే తిరుగుతూ వచ్చాక నాకు గట్టిగా కలిగిన అభిప్రాయం ఏమిటంటే, కోడి నేర్పంతా వేళ పట్టింపులో ఉంది. ఏ పని ఎప్పుడు మొదలెట్టాలి, ఎంతసేపు చెయ్యాలి, ఎక్కడ ఆపాలి అన్నది దానికి బాగా తెలుసు. ఆ వేళలు కుదరనిచ్చినంతసేపు అది చేసే ప్రతి పనిలోనూ పనివాడితనం కనిపిస్తుంది.

గుడ్డు సంగతే చూడండి. పచ్చసొన అండాశయం నుంచి విడివడగానే నాళం వెడల్పాటి మూతితో దాన్ని అందుకుంటుంది. పుంజు తిరిగే పెరడైతే పిల్లకి ప్రాణం పడేది అక్కడే, ఆ పావుగంట, ఇరవై నిమిషాల్లోనే. తర్వాత 3 గంటలపాటు తెల్లసొన చుట్టుకుంటుంది. ఇంకో గంట పైచిలుకు, లోపలి పొరలు రెండూ అల్లుకుంటాయి. ఆపైన 20 గంటలు పెంకు పని. ఈ దారిలో పచ్చసొన దొర్లుతూ దిగుతుంది కాబట్టి దాన్ని అంటుకున్న తెల్లసొన పోగులు రెండు కొసలా మెలిపడిపోతాయి. అట్టు వేసుకుందామని గుడ్డు పగలగొట్టినప్పుడు పచ్చసొన పక్కన తెల్లటి మెలికల దారం కనిపిస్తుంది చూడండి, అదే ఇది. గుడ్డు ఎటు తిరిగినా పచ్చసొన పెంకుకి కొట్టుకోకుండా నడిమధ్యన నిలబెట్టేవి ఆ రెండు దారాలే. చాలామంది అదేదో పాడైన పదార్థమని చెంచాతో తీసి పారేస్తారు. అది గుడ్డు పాడైన గుర్తు కాదు. తాజా గుడ్డులో ఆ దారం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

పెంకు మందం మిల్లీమీటరులో మూడో వంతు. అందులోనే కంటికి ఆనని రంధ్రాలు వేల సంఖ్యలో ఉంటాయి. లోపల పెరిగే పిల్లకి గాలి ఆడాలి, బయటి సూక్ష్మజీవి లోపలికి రాకూడదు. అందుకే అన్నిటికన్నా చివర, పెట్టబోయే ముందు, గుడ్డు మీద పల్చటి పూత ఒకటి పడుతుంది. అప్పుడే పెట్టిన గుడ్డు తడితో మెరుస్తూ ఉండి, చూస్తుండగానే ఆరిపోతుంది. ఆ ఆరిన పూతే దానికి కాపలా. గూట్లోంచి తెచ్చిన గుడ్డుని వెంటనే కుళాయి కింద పెట్టి తోమేవాళ్లు ఆ కాపలాని చేతులారా కడిగేస్తున్నారు. మట్టి అంటితే పొడి గుడ్డతో తుడిస్తే చాలు. కడగడం వండే ముందు పెట్టుకోవచ్చు.

ఇక వేళ సంగతి. ఇదంతా కలిపి 25 గంటలకి అటూ ఇటూ పడుతుంది. రోజుకేమో 24 గంటలే. అందుకని ఇవాళ ఉదయం ఏడింటికి గుడ్డు పెట్టిన పెట్ట రేపు ఎనిమిది దాటాక పెడుతుంది, ఎల్లుండి ఇంకాస్త పొద్దెక్కాక. ఒక గుడ్డు బయటికి వచ్చిన అరగంటకి తర్వాతి పచ్చసొన విడివడుతుంది. కానీ దాన్ని విడుదల చెయ్యమని మెదడు నుంచి వచ్చే సంకేతానికి రాత్రి వేళలో కొన్ని గంటల గడువే ఉంది. గుడ్డు జరిగి జరిగి మధ్యాహ్నానికి చేరిందంటే తర్వాతిది ఆ గడువు దాటిపోతుంది. ఆ రోజుకి పెట్ట ఆగుతుంది. ఒక రోజు విడిచి, మళ్లీ పొద్దున్నే మొదలుపెడుతుంది. "నిన్న పెట్టలేదు, ఏదో జబ్బు చేసింది" అని కంగారుపడే కొత్తవాళ్లకి నేను చెప్పేది ఇదే. గుడ్డు పెట్టిన వేళలు వారం రోజులు కాగితం మీద రాసుకోండి, సెలవు ఏ రోజు వస్తుందో మీరే ముందుగా చెప్పగలుగుతారు.

గుడ్డు రావడానికి గంట ముందే పెట్ట తీరు మారుతుంది. మేత మీద ధ్యాస తగ్గుతుంది. గొంతులో సాగదీసిన కూత ఒకటి మొదలవుతుంది. మా మచ్చల పెట్ట అయితే వసారాలో గడ్డి పరిచిన గంపలోకి తల పెట్టి చూస్తుంది, వెనక్కి వస్తుంది, అరుగు కిందికి వెళ్లి చూస్తుంది, కట్టెల మోపు వెనక చూస్తుంది, చివరికి మళ్లీ గంప దగ్గరికే వస్తుంది. తడబాటులా కనిపించే ఈ తిరుగుడు నిజానికి చోటు పరీక్ష. గంపలో దిగాక రొమ్ముతో గడ్డిని నొక్కి, గుండ్రంగా తిరిగి, చుట్టూ ఉన్న పరకలు ఒక్కొక్కటే ముక్కుతో అందుకుని తన వీపు మీదికీ పక్కలకీ వేసుకుంటుంది. గూడు గుంట సరిగ్గా దాని ఒంటి కొలతకే దిగుతుంది.

ఈ తొందర దానికి ఎక్కడి నుంచి వస్తుంది? లోపల గుడ్డు బరువు తెలిసి అనుకుంటాం. ఎడిన్‌బరోలో కోళ్ల నడవడిక మీద పనిచేసిన వుడ్‌గష్, గిల్బర్ట్ 1960ల్లో చేసిన పరిశోధనలు ఇంకో సంగతి చూపించాయి. ముందురోజు పచ్చసొన విడిచిపెట్టి ఖాళీ అయిన తిత్తి అండాశయంలోనే ఉండిపోతుంది. గూడు వెతికే బుద్ధి పుట్టించేది అదే. దాన్ని తీసేస్తే గుడ్డు వచ్చినా పెట్ట గూడు వెతకదు. అంటే రేపు పొద్దున గూటికి వెళ్లాలన్న కబురు ఈ రోజు పొద్దున్నే ఒంట్లో బయల్దేరిపోయిందన్నమాట. ఇంత ముందుచూపున్న ఏర్పాటు ఇంకో పనిలో నేను చూడలేదు.

పెద్దవాళ్లు గంపలోంచి గుడ్లన్నీ తీసేసినా ఒకటి వదిలేస్తారు. గుడ్డున్న చోటే గుడ్డు పెట్టడం పెట్టకి ఇష్టం. ఆ ఒక్కటీ లేకపోతే చోటు మార్చి ఏ గడ్డివామిలోకో, పక్కింటివాళ్ల దొడ్లోకో పోతుంది.

పొద్దున గూడు తలుపు తియ్యగానే బయటికి వచ్చే వరసలోనూ, నూకల పళ్లెం చుట్టూ చేరే వరసలోనూ ఒక కట్టుబాటు ఉంది. ఎవరు ఎవర్ని పొడవవచ్చు, ఎవరు తప్పుకోవాలి అన్నది ముందే తేలిపోయి ఉంటుంది. నార్వేకి చెందిన ష్యెల్డెరుప్-ఎబ్బె చిన్నతనం నుంచీ కోళ్లని గమనించి, ఈ పొడుపు వరసని 1921లో లోకానికి వెల్లడి చేశాడు. కోడి దైనందిన జీవితమే ఆయన సిద్ధాంత వ్యాసానికి విషయం. కొత్త కోడిని తెచ్చి గుంపులో వదిలినప్పుడు రెండు మూడు రోజులు జరిగే పోట్లాట ఈ వరస మళ్లీ కుదుర్చుకోవడానికే. పళ్లేలు రెండు మూడు చోట్ల పెడితే అడుగున ఉన్న పెట్టకీ కడుపు నిండుతుంది.

నూకలు అయిపోయాక అసలు మేత మొదలు. పళ్లెంలో ఇంకా మిగిలి ఉన్నా సరే, పెట్ట వెళ్లి నేల గీరుతుంది. పగటి పొద్దులో సగానికి పైగా అది నేలతోనే గడుపుతుంది. దగ్గర కూర్చుని చూడండి. ఒక కాలితో రెండు గీతలు, రెండో కాలితో రెండు గీతలు, వెంటనే ఒక అడుగు వెనక్కి. తల వంచి, గీరిన చోటుని ఒక పక్క కంటితో చూస్తుంది. టక్కున ఒక పొడుపు. ముక్కులో చెదపురుగు. ఆకులు ఎగిరి వెనక్కి పడ్డాయే గానీ పురుగు ఉన్న మట్టి చెదరలేదు. గీరే బలం ఎంత ఉండాలో, వెనక్కి ఎంత జరగాలో ఆ కాళ్లకి కొలత తెలుసు.

ఆ పక్క కంటి చూపులోనూ పని విభజన ఉంది. గింజా రాయీ వేరు చెయ్యడం కుడి కన్ను పని, ఆకాశం మీదా చుట్టుపక్కలా కాపలా ఎడమ కన్ను పని. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త లెస్లీ రోజర్స్ ఏళ్ల తరబడి కోడిపిల్లల మీద పరీక్షలు చేసి దీన్ని నిరూపించింది. గుడ్డులో పిల్ల ఒదిగి ఉండే తీరులో ఎడమ కన్ను ఒంటికి ఆని మూసుకుపోతుంది, కుడి కన్ను పెంకు వైపు ఉంటుంది. పెంకులోంచి వచ్చే మసక వెలుగు ఆ ఒక్క కంటికే తగులుతుంది. పూర్తి చీకట్లో పొదిగించిన పిల్లలకి తింటూనే గద్దని కనిపెట్టడం సరిగ్గా చేతకాదు.

తిన్నదాన్ని నమలడానికి పళ్లు లేవు కదా. మెడ కింది సంచిలో నానిన గింజ కందనకాయలోకి దిగాక, పెట్ట ఏరుకుని మింగిన ఇసుక రాళ్లే దాన్ని నలుగగొడతాయి. సిమెంటు చేసిన పెరడైతే గుప్పెడు గరుకిసుక ఓ మూల పోసి ఉంచాలి.

పొద్దు నడినెత్తికి వచ్చే వేళకి దుమ్ము స్నానం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం ఇది. మామిడి చెట్టు మొదట్లో పొడి మట్టి ఉన్న చోటు ఎంచుకుని, ముక్కుతో చుట్టూ ఉన్న మట్టిని ముందుగా తన వైపు లాక్కుంటుంది. కూర్చుని, ఈకలన్నీ విప్పార్చి, రెక్కలు పైకీ కిందికీ కొట్టుకుంటూ దుమ్ముని చర్మం దాకా ఎక్కిస్తుంది. తలని మట్టికి రుద్దుతుంది. ఒక పక్కకి ఒరిగి, కాలు చాపి, ఒంటిని నేలకేసి రాస్తుంది, మళ్లీ రెండో పక్క. మధ్యలో కదలకుండా పడుకుంటుంది. కొత్తగా పెంచుకునేవాళ్లు చచ్చిపోయిందని హడలిపోయేది ఈ ఘట్టంలోనే. చివర్న లేచి నిలబడి ఒక్క విదిలింపు విదిలిస్తే దుమ్మంతా పొగలా లేస్తుంది. ఇదంతా అరగంట దాకా సాగుతుంది. వీలున్న పెట్ట సుమారు రెండు రోజులకి ఒకసారి చేస్తుంది.

ఈ మొత్తం తతంగానికి కారణం నూనె. తోక మొదట్లో ఉన్న తిత్తి నుంచి ముక్కుతో నూనె తీసి పెట్ట ఈకలకి రాసుకుంటూ ఉంటుంది. పాతబడ్డ నూనె ఈకల్ని జిడ్డుగా అతికించేస్తుంది. మన ఇళ్లలో పండగపూట తలంటి పోసేటప్పుడు సున్నిపిండి చేసే పనే ఇక్కడ దుమ్ము చేస్తుంది. జిడ్డుని పీల్చుకుని రాలిపోతుంది, వెళ్తూ వెళ్తూ కోడిపేలని కూడా పట్టుకుపోతుంది. ఈకలు మళ్లీ పొంగుతాయి. పొంగిన ఈకల మధ్య గాలి నిలిస్తేనే ఎండా చలీ ఆగుతాయి. వానాకాలంలో పొడి మట్టి దొరకదు కాబట్టి, చూరు కింద ఓ పాత తట్టలో ఇసుక, జల్లించిన బూడిద కలిపి పెట్టండి. పెట్ట తనే వెతుక్కుని వస్తుంది.

తీగల గూళ్లలో పెంచే పెట్టల గురించి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఒక్కోదానికి ఏ4 కాగితమంత చోటు కూడా ఉండదు. అక్కడ మట్టి కణం లేదు. అయినా వేళ కాగానే అవి ఉత్త తీగల మీద కూర్చుని, రెక్కలు కొట్టుకుని, పక్కకి ఒరిగి, స్నానం చేష్టలన్నీ చేస్తాయి. తల్లిని, దుమ్ముని ఎన్నడూ చూడని పిల్లలు కూడా చేస్తాయి. నైపుణ్యం ఉంది, చేసుకునే సరుకు లేదు. ఏడాదికి 300 గుడ్లు ఇచ్చే ప్రాణికి గంపెడు మట్టి బాకీ పడ్డామని నేను నమ్ముతాను.

రోహిణి కార్తె ఎండల్లో వేళలన్నీ తారుమారవుతాయి. కోడికి చెమట పట్టదు. రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి, నోరు తెరిచి రొప్పుతూ వేడి పోగొట్టుకుంటుంది. రొప్పేకొద్దీ ఒంట్లోంచి బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోతుంది. పెంకు కట్టడానికి కావలసింది అదే మరి! మే నెలలో గుడ్లు చేతిలోనే చిట్లడానికి కారణం మేతలో లోపం ఒక్కటే అనుకోకూడదు. నీడ, చల్లటి నీళ్లు ఇస్తే పెంకు దానంతటదే మెరుగవుతుంది.

పొద్దు వాలాక పెట్ట మనసు సున్నం మీదికి మళ్లుతుంది. ఉదయం పట్టించుకోని నత్తగుల్ల ముక్కల్ని సాయంత్రం ఏరుకుని తింటుంది, వెల్ల వేసిన గోడ పెచ్చుల్ని పొడుస్తుంది. రాత్రి పెంకు పనికి సరుకు సర్దుకోవడమే ఇది. సందె వెలుతురు తగ్గేకొద్దీ దాని చూపు మందగిస్తుంది, అందుకే మనకి ఇంకా వెలుగున్నట్టు అనిపిస్తుండగానే గూటి ముందు చేరుతుంది. పైకర్ర ఎవరిది, కింది కర్ర ఎవరిది అన్న పేచీ కాసేపు నడిచి సద్దుమణుగుతుంది.

ఇన్ని వేళలూ ఒక్కసారిగా పక్కన పెట్టేసేది పొదుగుకి వచ్చినప్పుడే. పదో పన్నెండో గుడ్లు పెట్టాక నాటుపెట్ట గంపలోంచి లేవదు. చెయ్యి పెడితే ఈకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటుంది. రొమ్ము కింద ఈకలు రాలి, చర్మం వేడిగా, ఎర్రగా బయటపడుతుంది. ఆ చర్మమే గుడ్లకి తగలాలి. గుడ్లు పెట్టింది రకరకాల రోజుల్లో. మొదటి గుడ్డుకీ చివరి గుడ్డుకీ మధ్య రెండు వారాలైనా ఉంటుంది. పొదుగు వేడి తగిలేదాకా లోపలి జీవం నిద్రపోతుంది కాబట్టి అన్నిటికీ ఒకేసారి లెక్క మొదలవుతుంది, అన్నీ 21వ రోజు ప్రాంతంలో పగులుతాయి. మండువేసవిలో గుడ్లు పొదగవెయ్యకపోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. గదిలో ఎండ వేడికే లోపలి జీవం అరకొరగా కదిలి, ఆగి, మురిగిపోతుంది. కొన్ని ఊళ్లలో గంపలో ఊక పోసి, ఉరుముకి గుడ్లు చెడకుండా ఇనపముక్కో, బొగ్గో, ఎండు మిరపకాయో పెడతారు. గుడ్ల మీద కూర్చునే పని మాత్రం పెట్టదే.

ఆ కూర్చోవడం ఊరికే కూర్చోవడం కాదు. పొదిగే పెట్టని కదిలించకుండా కాసేపు చూస్తే తెలుస్తుంది. కొంచెం లేచి, ముక్కుని గుడ్డు అవతలి పక్కకి పెట్టి, గడ్డాన్ని ఆనించి తన వైపు లాక్కుంటుంది. గుడ్డు దొర్లుతుంది. అంచున ఉన్నది మధ్యకి వస్తుంది, మధ్యది అంచుకి పోతుంది. రోజులో ఎన్నోసార్లు, రాత్రి చీకట్లో కూడా. ఇలా తిప్పకపోతే పిల్ల లోపలి పొరకి అంటుకుపోతుంది. యంత్రాలతో పిల్లల్ని పొదిగించేచోట గంటకోసారి తట్టలు వంచేది దీన్ని చూసి నేర్చుకునే. చివరి మూడు రోజులు యంత్రంలోనూ తిప్పడం ఆపేస్తారు.

రోజుకి ఒకసారి పెట్ట దిగుతుంది. పదిహేను ఇరవై నిమిషాల్లో నాలుగు గింజలు, నీళ్లు, ఓ పెద్ద రెట్ట, తొందరగా కాసింత దుమ్ము స్నానం, మళ్లీ గంపలోకి. మేత పక్కనే పెట్టినా మామూలుగా తినేదాంట్లో కొంతే తింటుంది. మూడు వారాల్లో ఒళ్లు బాగా తగ్గిపోతుంది. అది దిగిన ఆ కాస్సేపట్లోనే గుడ్ల మీద వెలుగు పడుతుంది, లోపలి పిల్ల కుడి కంటికి తగులుతుంది.

రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ పెట్టలు నాటుపెట్ట కన్నా చాలా ఎక్కువ గుడ్లు పెడతాయి. పల్లెల్లో ఎన్నో ఇళ్లకి అవి మేలు చేశాయి. పొదుగు లక్షణం మాత్రం వాటిలో దాదాపు లేదు. అందుకే వాటి గుడ్లని కూడా చాలామంది నాటుపెట్ట కిందే పెడతారు. ఏడాదికి 50, 60 గుడ్లే పెడుతుందని నాటుపెట్టని తక్కువ చేసేవాళ్లు ఈ పనికి లెక్క కట్టడం మర్చిపోతున్నారు.

బయటికి రావడానికి ముందే పిల్ల గుడ్డులోంచి కిచకిచమంటుంది. పెట్ట గొంతు తగ్గించి బదులిస్తుంది. పొట్టలోకి లాక్కున్న పచ్చసొన రెండు రోజుల దాకా ఆకలి ఆపుతుంది కాబట్టి మొదట పుట్టిన పిల్ల చివరి పిల్ల కోసం రెక్కల కింద ఆగగలుగుతుంది. అందరూ వచ్చాకే పెట్ట గంప దిగుతుంది. అప్పటి నుంచి దాని గీరుడు తీరు మారుతుంది. గింజ కనిపిస్తే తను మింగదు, గబగబా కూసి, ముక్కుతో ఎత్తి, వదిలి, మళ్లీ ఎత్తి చూపిస్తుంది. బ్రిటన్‌లో క్రిస్టీన్ నికోల్, స్టూవర్ట్ పోప్ 1996లో ఒక చక్కటి ప్రయోగం చేశారు. కొన్ని రంగుల మేత చేదని పెట్టలకి ముందే నేర్పారు. తమ పిల్లలు ఆ రంగు మేత తింటున్నట్టు కనబడగానే పెట్టలు మంచి మేత దగ్గర నేల గీరడం, పొడవడం ఎక్కువ చేశాయి. పిల్లల తప్పు కనిపెట్టి, దారి చూపించడానికి ప్రయత్నించాయి.

గద్ద నీడ పడితే ఒక కూత, పిల్లి వస్తే ఇంకో కూత. మొదటిదానికి పిల్లలు ఎక్కడివక్కడ అణిగిపోతాయి లేదా రెక్కల కిందికి దూరతాయి. రెండోదానికి తలెత్తి చూస్తాయి. పిల్లల కోడి జోలికి కుక్క కూడా రాదని ఊళ్లో అందరికీ తెలిసిందే.

ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇలా గడిచాక ఒకనాటి పొద్దున, పక్కనుంచి గింజ అందుకోబోయిన పిల్లని తల్లి నెత్తి మీద పొడుస్తుంది. మర్నాడు ఇంకాస్త గట్టిగా. పిల్లలు కొన్నాళ్లు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని తిరుగుతాయి, తల్లి మాత్రం పుంజు వెనక మేతకి వెళ్లిపోతుంది. పాలిపోయిన తల జుట్టు మళ్లీ ఎర్రబారుతుంది. రెండు మూడు వారాల్లో అది గంపలోకి తల పెట్టి చూడ్డం మొదలెడుతుంది.